వేమూరి సంబంధం

ఏటేటా మహాలయ పక్షంలో తర్పణం విడిచేటప్పుడు నేను ముగ్గురు స్త్రీల పేర్లు పలుకుతాను. తల్లి, పితామహి, ప్రపితామహి. వరుసగా వసు, రుద్ర, ఆదిత్య రూపాలు. ముగ్గురికీ మా గోత్రమే చెప్తాను, వివాహంతో వారు మా గోత్రంలోకి వచ్చారు కనుక. ఇంటిపేరు చెప్పవలసిన పని లేదు. మంత్రం దానిని అడగదు. అరవై దాటేదాకా నేనూ అడగలేదు.

ఆ మూడవ ఆవిడ మా తాతగారి తల్లి. మేము తాతమ్మ అని చెప్పుకుంటాము గాని మాలో ఆవిడను చూసినవారు లేరు. నా తరువాత మా అబ్బాయి తర్పణం విడిచేనాటికి వాడి ప్రపితామహి మా నాయనమ్మ అవుతుంది. తాతమ్మ వరుస దాటిపోతుంది. అంటే ఆవిడ పేరును విధిగా ఉచ్చరించే ఆఖరి మనిషిని నేనే. ఈ ఆలోచన వచ్చిన తరువాతనే ఆవిడ ఏ ఇంటి పిల్లో తెలుసుకోవాలన్న పట్టుదల కలిగింది. పట్టుదల కంటే ముందు సిగ్గు కలిగిందని చెప్పటం సత్యానికి దగ్గర.

మా దాయాదులం పదకొండు కుటుంబాలవాళ్ళం కలిసి కొంతకాలంగా ఒక ఉమ్మడి వంశవృక్షం తయారుచేసుకుంటున్నాము. అమెరికాలో ఉన్న మా అన్నగారి అబ్బాయి దీనికి పూనుకున్నాడు. వాడు పంపిన పట్టికలో ప్రతి స్త్రీకి ఎదురుగా ‘పుట్టింటి ఇంటిపేరు’ అని ఒక గడి ఉంది. చూసి సంతోషించాను. పూర్వం మన ఇళ్ళలో రాసిన వంశవృక్షాలు చూసినవారికి ఆ గడి విలువ తెలుస్తుంది. మా తాతగారు స్వహస్తాలతో గీసిన వృక్షం మా ఇంట్లో ఉంది. ఏడు తరాల మగవారి పేర్లు సున్నాలు చుట్టి రాశారు. భార్యల పేర్లు కొందరికి ఉన్నాయి, కొందరికి లేవు. ఆడపిల్లలకు పేర్లు అసలే లేవు. ‘పుత్రికలు 2’, ‘పుత్రికలు 4’ అని అంకె మాత్రం వేశారు. మా తాతగారు స్త్రీలను చులకన చేసే మనిషి కారు. ఆ కాలపు పద్ధతి అది, పద్ధతిని దాటి ఆయన ఆలోచించలేదు, అంతే.

అయితే గడి అంటూ ఉంటే దానిని నింపాలనిపిస్తుంది. మా తాతగారి చిట్టా పుస్తకంలో తన తల్లి పేరు పక్కన ‘వేమూరి సంబంధం’ అని రెండు మాటలున్నాయి. మావాడు వాటిని చూసి గడిలో ‘వేమూరి’ అని నింపాడు. పట్టిక పదకొండు ఇళ్ళకు చేరింది. అక్కడినుంచి కోడళ్ళ పుట్టిళ్ళకూ, అల్లుళ్ళ వంశవృక్షాలకూ పాకింది. ఆ ఇంటిపేరుగల వేరొక కుటుంబం వంశవృక్షంలో అదే కాలానికి సరిపడే ఒక ‘పుత్రిక’ పేరు లేకుండా కనిపించింది. మావాళ్ళలో ఒకరు మా తాతమ్మను తీసుకుపోయి ఆ స్థానంలో కూర్చోబెట్టారు. దానితో ఆవిడకు ఒక తండ్రి, తాత, ముత్తాత రాత్రికి రాత్రి ఏర్పడ్డారు. మా పెదనాన్నగారి పెద్దబ్బాయి ఆ పేర్లన్నీ కాగితం మీద రాసుకుని గయకు వెళ్ళి పిండప్రదానం చేసి వచ్చాడు. గయలో బంధువులకే గాక మిత్రులకూ తెలిసినవారికీ పిండం పెట్టవచ్చును కనుక ఆ పొరపాటు అక్కడ పొరపాటు కాకుండా పోయింది. వంశచరిత్రలో అంత సౌకర్యం లేదు.

నా అభ్యంతరం వ్యాకరణంతో మొదలైంది. ముప్పై ఏళ్ళు విభక్తులు చెప్పినవాడికి ఆ మాట అక్కడ గుచ్చుకుంటుంది. చిన్నయసూరి ఇ, టి, తి అనే వర్ణకాలను ఔపవిభక్తికాలన్నాడు. ఊరు అన్నది ‘ఊరి’ అవుతుంది, పాడు అన్నది ‘పాటి’ అవుతుంది, నేయి ‘నేతి’ అవుతుంది. మన ఇంటిపేర్లలో ఊళ్ళనుంచి వచ్చినవి ఎక్కువగా ఈ రూపంలోనే నిలిచాయి. కందుకూరు కందుకూరి అయింది, వేటూరు వేటూరి అయింది. కాబట్టి ‘వేమూరి సంబంధం’ అంటే వేమూరివారి ఇంటి సంబంధం కావచ్చును, వేమూరు అనే ఊరినుంచి వచ్చిన సంబంధమూ కావచ్చును. మాట ఒక్కటే, అన్వయాలు రెండు. ఇప్పటివాళ్ళు ‘గుంటూరు అత్తయ్య’ అని ప్రథమావిభక్తితోనే కానిచ్చేస్తున్నారు కనుక వారికి ఔపవిభక్తికం కనిపిస్తే ఇంటిపేరే తోస్తుంది. మా తాతగారికి అలా కాదు. ఆయన ‘గుంటూరి ప్రయాణం’ అని రాసేవారు.

పైగా ఇంటిపేరులోని ఊరికీ, మనిషి ఉన్న ఊరికీ సంబంధం ఉండాలని లేదు. కందుకూరి వీరేశలింగంగారు 1848లో పుట్టింది రాజమహేంద్రవరంలో. పూర్వులు ఒక ఊరు విడిచి మరొక ఊరు చేరినప్పుడు విడిచిన ఊరు ఇంటిపేరై వెంట వస్తుంది. అందుచేత వేమూరులో కాపురమున్నవారికి వేమూరి తప్ప ఏ ఇంటిపేరైనా ఉండవచ్చును.

ఈ మాట మావాళ్ళకు చెప్పాను. గయకు వెళ్ళివచ్చిన అన్నయ్యకు కోపం వచ్చింది. ‘పదకొండు ఇళ్ళలో అదే ఉంది, అవతలివాళ్ళ వృక్షంలోనూ అదే ఉంది, నువ్వొక్కడివి కాదంటే కాకుండా పోతుందా’ అన్నాడు. చాలా మంచి మనిషి, నాకంటె పదేళ్ళు పెద్ద, నాకు ఫౌంటెన్ పెన్ను మొదట కొనిపెట్టినవాడు. అయినా ఆ వాదం ఒప్పుకోవటానికి వీలులేదు. తాళపత్ర ప్రతులను పరిష్కరించే పని ఏ కాస్త ఎరిగినవారైనా ఒప్పుకోరు. కడపలో బ్రౌన్ దొర పండితులను కూర్చోబెట్టి ఒక్కొక్క గ్రంథానికి అనేక ప్రతులు తెప్పించి పాఠభేదాలు గుర్తింపజేశాడని మనమందరం చదువుకున్నాము. ఆ పనిలో మొట్టమొదట తేల్చుకోవలసినది, ఏ ప్రతి దేనిని చూసి రాసినది అని. ఒకే మాతృకను చూసి పదిమంది ఎత్తి రాస్తే పది ప్రతులుంటాయి గాని సాక్ష్యం ఒక్కటే. మా పదకొండు ఇళ్ళ పట్టికలకూ మాతృక మావాడి పట్టిక. దానికి మాతృక తాతగారి చిట్టా. అవతలి కుటుంబం వారి వృక్షంలోకి ఆ పేరు వెళ్ళింది మానుంచే. మన గొంతు కొండకు తగిలి తిరిగివస్తే దానిని రెండవ మనిషి మాటగా లెక్కపెట్టుకోము గదా.

అందుచేత ఇతర ప్రతులను పక్కనపెట్టి మాతృకనే మళ్ళీ చదివాను. లేఖకుడి అలవాటు తెలియాలంటే అతడి రాత అంతా చదవాలి, మనకు కావలసిన ఒక్క పంక్తి చాలదు. చిట్టాలో మరొకచోట తన తమ్ముడి పెళ్ళి ఖర్చులు రాస్తూ ‘పొన్నూరి సంబంధం’ అన్నారు. ఆ చిన్నమామ్మ పుట్టింటివారి ఇంటిపేరు పొన్నూరి కాదు. ఆవిడ అన్నదమ్ముల పిల్లలు నా చిన్నతనంలో మా ఇంటికి వస్తూ పోతూ ఉండేవారు, వారి ఇంటిపేరు నాకు నోటికి వచ్చు. వారు పొన్నూరులో ఉండేవారు. ఇంకొకచోట ‘తెనాలి సంబంధం కుదరలేదు’ అని ఉంది. అంటే మా తాతగారు సంబంధాన్ని ఊరితో చెప్పే మనిషి. తల్లి ఇంటిపేరు ఆయనకు తెలియకపోవటమన్నది లేదు. తెలిసినదే కనుక రాయలేదు. ఎవరి ఇంట్లోనైనా కాగితం మీదికి ఎక్కనిది అందరికీ తెలిసిన సంగతే.

దీనితో వేమూరి ఇంటిపేరు కాదని దాదాపు తేలింది. కాని అసలు ఇంటిపేరు తెలియలేదు. గోత్రం పట్టుకుని వెతకమని ఒకరు సలహా చెప్పారు. దానివల్ల ప్రయోజనం స్వల్పం. సగోత్రం కాదని మాత్రం చెప్పగలము. పైగా ఊరినిబట్టి వచ్చిన ఇంటిపేరు ఒకటే పలు గోత్రాలవారికీ, పలు కులాలవారికీ ఉంటుంది.

ఇక్కడ కొంతకాలం ఆగిపోయాము. ఆగిపోవటానికి కారణం వెతికేచోటు తప్పటం. మేము పదకొండు ఇళ్ళవాళ్ళమూ కొడుకుల సంతానం. ఒకరి దగ్గర లేనిది మరొకరి దగ్గర ఉండే అవకాశం తక్కువ, అందరి పెట్టెలూ ఒకే పెట్టెలోంచి విడిపోయినవి. తాతగారి వృక్షాన్ని ఒకరోజు మళ్ళీ తీసి చూస్తూ ఉంటే తాతమ్మ దంపతుల కింద ఉన్న ‘పుత్రికలు 2’ అన్న అంకె మీద చూపు నిలిచింది. ఆ ఇద్దరు ఆడపిల్లలూ ఎవరు, వారిని ఎవరికిచ్చారు, వారి మనుమలు ఎక్కడున్నారు అని మా ఉమ్మడి ప్రయత్నంలో ఒక్కరూ అడగలేదు. తల్లి పుట్టింటి సంగతి తల్లి నుంచి కూతురికి వస్తుందన్నది ఎవరికైనా తట్టవలసిన విషయం. నాకు తట్టటానికి రెండేళ్ళు పట్టింది.

ఇద్దరిలో చిన్నావిడ సంతతి ఆనవాలు దొరకలేదు. పెద్దావిడ మనుమరాలు ఒకరు విజయవాడలో ఉన్నారు. నాకు వదిన వరుస. ఎనభై ఏడేళ్ళు. వెళ్ళి కూర్చుని ఉపోద్ఘాతమంతా చెప్పాను. వదినగారు విని, ‘దానికింత తిరగాలా నాయనా, మా తాతగారు మా నాయనమ్మకు మేనమామే గదా’ అన్నారు.

తెలుగువారికి దీనిని వివరించనక్కరలేదు. అయినా ఆ క్షణంలో నేను వేళ్ళు మడిచి లెక్క వేసుకున్నాను. పెద్దావిడను స్వంత మేనమామకే ఇచ్చారు. మేనమామ అంటే తాతమ్మ తమ్ముడు. అక్క కూతురిని పెళ్ళాడినవాడి ఇంటిపేరు అక్కగారి పుట్టింటి పేరే అవుతుంది. వదినగారి పుట్టింటివారు అద్దంకివారు. అంటే మా తాతమ్మ అద్దంకివారి ఆడపడుచు. ఆ ఇంటిపేరు నేను చిన్నప్పటినుంచీ ఎన్నోసార్లు విన్నదే. తాతగారి అక్కగారి అత్తవారిగా విన్నాను. ఆ అత్తవారిల్లే తాతమ్మ పుట్టిల్లని చెప్పినవారు లేరు. అద్దంకి నుంచి ఏనాడో వచ్చి వేమూరులో స్థిరపడిన కుటుంబమట. వేమూరి సంబంధం అన్న తాతగారి మాట అక్షరాలా నిజం.

పాఠపరిష్కర్త ఇక్కడ సంతోషించి లేచిపోకూడదు. మేనమామ అన్న మాట మన భాషలో ఎంత ఉదారమైనదో తెలిసినదే. తల్లికి తోడబుట్టినవాడూ మేనమామే, తల్లి పెదతండ్రి కొడుకూ మేనమామే, పెదతల్లి కొడుకూ మేనమామే. మొదటి ఇద్దరికీ ఇంటిపేరు తల్లి పుట్టింటిదే. మూడవవాడైతే ఇంటిపేరు వేరు, కట్టినదంతా కూలిపోతుంది. ఈ సందేహం వదినగారి ముందు పెట్టాను. ఆవిడ కొంచెం నొచ్చుకుని, కొడుకును పిలిచి అటక మీది రేకుపెట్టె దింపించారు. అందులో 1886 నాటి రిజిస్టరు దస్తావేజు ఒకటి ఉంది. పసుపు కుంకుమల క్రింద భూమి ఇచ్చిన దానపత్రం. వేమూరు గ్రామస్థులైన అద్దంకివారు ఒకరు, కాపురానికి వెళుతున్న తమ కుమార్తెకు ఎకరం ముప్పై సెంట్ల మాగాణి రాసి ఇచ్చారు. కుమార్తె పేరు నేను ఏటా తర్పణంలో చెప్పే పేరు. ఆవిడ భర్త పేరు, మా ఇంటిపేరు, మా ఊరు అన్నీ ఉన్నాయి. జిల్లా మాత్రం కృష్ణా జిల్లా అని ఉంది. గుంటూరు జిల్లాను 1859లో కృష్ణలో కలిపి 1904లో మళ్ళీ విడదీశారు కనుక ఆ కాలపు కాగితాలలో అలాగే ఉంటుంది. వేమూరు 2022 నుంచి బాపట్ల జిల్లా అయింది. పాత కాగితాలు వెతికేవారు ఈ జిల్లాల మార్పిడి గుర్తుంచుకోకపోతే ఉన్న ఊరే లేదనుకుంటారు.

దస్తావేజులో తండ్రిపేరు చూసినప్పుడు మరొక చిక్కుముడి విడింది. మా తాతగారి తమ్ముడి పేరు మా వంశంలో ముందుగాని వెనకగాని లేదు. ఎక్కడనుంచి తెచ్చి పెట్టారా అనుకునేవాళ్ళము. మొదటి కొడుక్కి తండ్రివైపు తాత పేరు, రెండవవాడికి తల్లివైపు తాత పేరు పెట్టటం మనలో చాలా ఇళ్ళలో ఉన్నదే. తాతమ్మ తన తండ్రి పేరును రెండవ కొడుకు మీద ఉంచింది. మేమెవరమూ దానిని ఆవిడ చేవ్రాలుగా చదువుకోలేకపోయాము.

ఆ పత్రం మా ఇంట్లో ఎందుకు లేదన్నదానికి కూడా జవాబు అక్కడే దొరికింది. పసుపు కుంకుమల భూమి స్త్రీధనం. 1956కు ముందు అది కొడుకులను దాటి మొదట కూతుళ్ళకు చెందేది. తాతమ్మ భూమి పెద్దకూతురికి వెళ్ళింది, ఆవిడతోబాటు పత్రమూ వెళ్ళింది. కొడుకుల ఇళ్ళలో మేము ఎంత వెతికినా ఏం లాభం?

ఇంతా చెప్పి నా అభిప్రాయం చెప్పకపోతే ఇది ఇంటిగోల అవుతుంది. ఉమ్మడిగా వంశచరిత్ర రాసుకునేవారు స్త్రీ పుట్టింటిపేరు గడిలో ఊహను నింపకూడదని నేను గట్టిగా అనుకుంటున్నాను. తెలియకపోతే ‘తెలియదు’ అని రాయాలి. కొందరు ఖాళీగా ఉంటే బాగుండదని అత్తింటి పేరే అక్కడా రాస్తున్నారు. అది ఊహకంటె అన్యాయం. ఆవిడ పుట్టుకతోనే భర్త ఇంటి మనిషి అయినట్టు! తెలిసిన చోట, ఎలా తెలిసిందో పక్కన ఒక వాక్యం ఉండాలి. ‘తాతగారి చిట్టాలో వేమూరి సంబంధం అని ఉంది’ అని మావాడు ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టు రాసి ఊరుకుని ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు, ఎవరో ఒకరు ఊరి సంగతి తెలిసినవారు పట్టుకునేవారు.

దీనికి మా అన్నగారి అబ్బాయి ఒక ఎదురుమాట చెప్పాడు. ‘బాబాయ్, నేను తప్పు రాశాను కనుకనే మీరు కదిలారు. తెలియదు అని రాసి ఉంటే ఇంకో ఇరవై ఏళ్ళు అలాగే ఉండేది’ అన్నాడు. ఈ మాటకు నా దగ్గర సరియైన సమాధానం లేదు. వాడి తప్పు నన్ను విజయవాడ దాకా నడిపించిన మాట నిజమే. కాని అదే తప్పు మరొక ఇంటివారి వృక్షంలోకి వెళ్ళి కూర్చుంది. మేము మా ప్రతిని దిద్దుకున్నాము. వారికి రెండు ఉత్తరాలు రాశాము, వారు ఇంకా దిద్దలేదు. వారి ఇంట నిజంగా పుట్టిన ఆ పేరులేని ఆడపిల్ల స్థానంలో మా తాతమ్మ కూర్చుని ఉంది. ఆవిడ ఎవరో వెతకవలసినవారు, దొరికిందనుకుని వెతకటం మానేశారు. మాకు జరిగిన మేలుకు వెల ఇంకొకరు చెల్లిస్తున్నారు.

రెండవ మాట, వెతుకులాట ఆడపిల్లల సంతానం నుంచి మొదలుపెట్టాలి. అందులోనూ పెద్దవయసువారి నుంచి. కాగితాలు మరికొంతకాలం ఆగుతాయి. దానపత్రాలను విధిగా రిజిస్టరు చేయించాలన్న నియమం పందొమ్మిదవ శతాబ్దంలోనే ఉంది. 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 57వ సెక్షను ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఎక్కించే మొదటి పుస్తకాన్నీ, దాని సూచికలనూ రుసుము చెల్లించి ఎవరైనా చూడవచ్చును, నకలు తీసుకోవచ్చును. వదినగారి మాటకు నకలు లేదు.

పెళ్ళినాడు కన్యాదాన సమయంలో వధువు ప్రవర చెప్పేటప్పుడు ముత్తాత, తాత, తండ్రి ముగ్గురి పేర్లూ చెప్పి నప్త్రీ, పౌత్రీ, పుత్రీ అని మూడు పర్యాయాలు పలుకుతారు. నిండు పందిట్లో, వందమంది వింటూ ఉండగా. మా తాతమ్మకూ వేమూరులో అలాగే చెప్పి ఉంటారు. ఆ సాయంత్రం మావైపు పెద్దలలో ఎందరు విన్నారో, ఇంటికి వచ్చి ఒక్కరైనా ఎందుకు రాసి పెట్టుకోలేదో అనుకుంటాను. అనుకుని, మా అమ్మగారి తల్లి పుట్టింటిపేరు నాకు తెలుసునా అని ప్రశ్నించుకుంటే తెలియలేదు. మా పిన్నిగారికి ఫోను చేసి అడిగాను. ఆవిడ ఠక్కున చెప్పి, ‘ఇన్నాళ్ళకా’ అన్నారు.

మొన్న మావాడు కొత్త పట్టిక పంపాడు. తాతమ్మ ఎదుట గడిలో అద్దంకి అని ఉంది. కింద దానపత్రం సంవత్సరం, వదినగారి మాట, ఆ మాట విన్న తేదీ ఉన్నాయి. ఆవిడ పైన ఇప్పుడు తండ్రి పేరు చేరింది. ఆ తండ్రి పక్కన భార్యకు ఒక గడి తెరిచి ఉంది. దానపత్రంలో ఆవిడ ప్రసక్తి లేదు, పేరు కూడా లేదు. ‘ఇక్కడ అద్దంకి అని వేయమంటారా బాబాయ్’ అని అడిగాడు. వద్దన్నాను. రెండు గడుల్లోనూ తెలియదు అని రాయమన్నాను. వదినగారి చెల్లెలు ఒకావిడ రేపల్లెలో ఉన్నారట. వచ్చేనెల వెళ్ళాలి.